ఉక్కులో ఇత్తడి గీత, చుట్టూ నీలి రంగు

(తెర మీద: అరచేతిలో పట్టే ఉక్కు బిళ్ళ. ముదురు నీలం మధ్య ఇత్తడి తీగ.)

ఈ నీలం పెయింటు కాదు. ఉక్కును కాచినప్పుడు దాని మీద పుట్టే ఆక్సైడ్ పొర. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం కూడా ఉండదు, ఎమరీ పేపరు ఒక్కసారి తగిలితే పోతుంది. అందుకే ఇత్తడి పొదగడం, అరగదీయడం అన్నీ ముందు. పొయ్యి మీద కాచడం చివర్లో.

3 మి.మీ. మందం మైల్డ్ స్టీల్ బిళ్ళ, 1 మి.మీ. ఇత్తడి తీగ తీసుకోండి. జింకు పూత ఉన్న రేకు వద్దు, దాని మీద ఈ రంగులు రావు. డిజైన్ గీయడానికి బిళ్ళను శుభ్రం చేసి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళు రాయండి. పల్చటి రాగి పొర పడుతుంది, దాని మీద సూదితో గీస్తే గీత తెల్లగా తేలుతుంది. బీదరులో, నల్లటి లోహంలో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ళు కూడా చెక్కేముందు మైలుతుత్తమే రాస్తారు. వాళ్ళ లోహంలో ఎక్కువ భాగం జింకు కాబట్టి అక్కడ అది నల్లబడుతుంది.

(దగ్గరి షాట్: ఉలి మొన, గాడి.)

అసలు పనితనమంతా గాడిలోనే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని, 1 మి.మీ. వెడల్పు, 0.6 మి.మీ. లోతు తవ్వండి. తర్వాత ఉలిని పక్కకు వాల్చి, రెండు గోడల అడుగునా గోడలోకి కొట్టండి. నోరు ఇరుకు, అడుగు వెడల్పు కావాలి. ఇది సరిగా చేయకపోతే తీగ ఎంత గట్టిగా కొట్టినా రేపు లేచొస్తుంది. జిగురుతో సరిపెట్టొద్దు, కాచేటప్పుడు మాడిపోతుంది.

లోతు 0.6 మాత్రమే ఎందుకంటే, 1 మి.మీ. తీగ అడ్డకోత వైశాల్యం 0.785 చదరపు మి.మీ. గాడిది, గోడల అడుగున కొట్టిన కోతలతో కలిపి, 0.65 దాకా వస్తుంది. మిగతా ఇత్తడి పైకి పొంగి, అరగదీయడానికి ఉంటుంది. గాడి 0.9 లోతు తవ్వితే తీగ చాలదు, అంచు వెంట సన్నటి నల్లగీత మిగులుతుంది.

తీగను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి, మెత్తబడుతుంది. ఒక కొస నుంచి మొదలుపెట్టి, చదును మొన పంచ్‌తో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోండి. మధ్యలో తీగ బిరుసెక్కి పగులుతుంటే ఆ ముక్క తీసేసి, కొత్తగా కాల్చిన తీగతో మొదలుపెట్టండి.

ఆకురాయితో సమం చేసి, ఎమరీ 220, 400, 600, 1000 వరుసగా పట్టించండి. తర్వాత అసిటోన్‌తో తుడవండి. ఇక వేలు తగలకూడదు. వేలిముద్ర నూనె ఉన్నచోట రంగు వేరుగా వస్తుంది, కాచాక అది పోదు.

(తెర మీద: ఇనుప పెనంలో ఇసుక.)

నేరుగా మంట పెడితే మూలలు ముందు నీలమవుతాయి, మధ్య ఇంకా గడ్డి రంగులోనే ఉంటుంది. ఇనుప పెనంలో 2 సెం.మీ. ఎత్తు ఎండిన సన్నటి ఇసుక పోసి, సన్నమంట మీద 20 నిమిషాలు కాచాక బిళ్ళను దానిమీద పెట్టండి. సుమారు 220 డిగ్రీల సెల్సియస్‌కు లేత గడ్డి రంగు, 250 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. 330 దాటితే బూడిద రంగు, అప్పుడిక 400 ఎమరీ నుంచి మళ్ళీ మొదలు. పసుపు బల్బు కింద ఈ తేడాలు తెలియవు, తెల్లటి వెలుతురు కావాలి.

నీలం కోసం ఎదురు చూడొద్దు. ఊదా నీలంగా మారుతుండగానే పట్టకారుతో తీసి మందమైన ఇనుప దిమ్మె మీద పెట్టండి. లోపలి వేడి రంగును ఇంకొంచెం ముందుకు తోస్తుంది.

గట్టిపరచిన కత్తికి మాత్రం ఇది చేయొద్దు. నీలం వచ్చే వేడికి పదును నిలిపే గట్టిదనం తగ్గుతుంది.

ఇత్తడి మీద మసక పొర వస్తుంది. దానికి ఆమ్లం వాడొద్దు, ఉక్కు రంగు కూడా పోతుంది. పంటిపుల్ల మొనకు కాస్త మెటల్ పాలిష్ అద్ది, తీగ మీదే నడపండి. ఆ తర్వాత పల్చగా మైనం పూత పెట్టండి, ఎందుకంటే నీలం పొర ఒక్కటే తుప్పును పెద్దగా ఆపదు.