తప్పు లెక్క దగ్గర కాసేపు

వేదిక మీదున్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే ఈ కాంప్లెక్స్ మీటింగ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి సంతకం, టీ, ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారాలు. అందుకని ఈ రోజు పథకాల జోలికి పోను. ఒక తీసివేత లెక్క గురించి మాట్లాడతాను.

నాలుగో తరగతికి 52లోంచి 27 తీసేయమని ఇవ్వండి. కొందరు 35 అని రాస్తారు. మనం ఇంటూ కొట్టి, పక్కన 25 అని వేసి, నోటుబుక్కు తిరిగి ఇచ్చేస్తాం. దిద్దాల్సిన కట్ట ఇంకా అంత ఉంటుంది, ఆగే తీరికేదీ? అయినా ఆ 35 దగ్గర కాస్త ఆగుదాం. 2లోంచి 7 పోదు కదా, అందుకని అలా రాసిన పాప 7లోంచి 2 తీసేసింది, 5 వచ్చింది. తర్వాత 5లోంచి 2 పోగా 3. ఇందులో అజాగ్రత్త ఎక్కడా లేదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీయాలని తనకు తాను ఒక నియమం పెట్టుకుంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని కింది తరగతుల్లో మనం చెప్పిన మాటే అందుకు ఆధారం.

చిక్కేమిటంటే, 58లోంచి 23 తీయమంటే ఇదే పాప సరిగ్గా చేస్తుంది. అప్పు తీసుకోవాల్సిన పని లేని లెక్కలన్నీ తనకు ఒప్పే అవుతాయి. పరీక్షలో సగానికి పైగా మార్కులు వస్తే 'ఫర్వాలేదు, యావరేజ్' అని రాసుకుంటాం. అప్పు తీసుకోవాల్సిన లెక్కలు ఇంకో ఇరవై ఇచ్చినా అదే తప్పు ఇరవై సార్లు చేస్తుంది. ఐదు పది పుల్లల కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, "నాకు ఇరవై ఏడు ఇవ్వమ్మా" అనండి. కట్ట విప్పక తప్పదు. విప్పాక ఇంక 'అప్పు' గురించి మనం పెద్దగా చెప్పేదేమీ ఉండదు.

ఇలాంటివి ఏ బడిలో చూసినా ఉంటాయి. 0.5 కన్నా 0.12 పెద్దదంటారు, ఎందుకంటే 5 కన్నా 12 పెద్దది. మూడు వందల నాలుగు అంటే 3004 అని రాస్తారు, విన్నది విన్నట్టు.

ఇవి బయటపడాలంటే "ఎలా వచ్చింది?" అని అడగాలి, అడిగి నోరు మూసుకోవాలి. రెండోదే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని మూడు సెకన్లు, అంతకు మించి పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. రేపు ప్రయత్నించి చూడండి, మూడు సెకన్లు యుగంలా అనిపిస్తాయి. ఈలోపు ముందు బెంచీవాడు చెప్పేస్తాడు. వాణ్ణి ఆపడం కూడా మన పనే.

రెండు గదులు, ఐదు తరగతులు, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయండీ అంటారు. నిజమే. కానీ మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు సరిగ్గా అలాంటి పల్లె బడుల కోసమే కార్డుల పద్ధతి తయారుచేశారు. ఎవరి మెట్టు మీద వాళ్ళు పని చేసుకుంటుంటే, టీచరు ఒక చిన్న గుంపు దగ్గర కూర్చోవచ్చు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని నలి-కలి అనే బోధన పద్ధతికి అదే స్ఫూర్తి.

ఇక మన ఎదుగుదల సంగతి. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంటుంది. మంచిదే. కానీ ఫోన్లో శిక్షణ వీడియో దానంతటది నడుస్తుంటే మనం కూర తరుగుతూ కూడా సర్టిఫికెట్ తెచ్చుకోగలం, అది అందరికీ తెలిసిన విషయమే. జపాన్‌లో టీచర్లు కొంతమంది కలిసి ఒక పాఠాన్ని తయారుచేసుకుంటారు. ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వెనక నిలబడి టీచర్ని కాదు, పిల్లల్ని చూస్తారు. ఏ పిల్లాడు ఎక్కడ ఆగాడు, పక్కవాడి నోటుబుక్కులోకి ఎప్పుడు తొంగిచూశాడు అని రాసుకుంటారు. తర్వాత కూర్చుని అదే పాఠాన్ని మారుస్తారు. మనకు క్లాసులోకి ఇంకొకరు వచ్చారంటే తనిఖీ అనే అర్థం. ఆ టెన్షన్‌లో ఎవరైనా బాగా వచ్చిన పిల్లల్నే లేపుతారు. నా లెక్కలో మన శిక్షణలకు అసలు అడ్డంకి ఇదే, బడ్జెట్టు దాని తర్వాతే.

కాబట్టి నాదొక ప్రతిపాదన. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ తమ తరగతి తీసివేత నోటుబుక్కులు నాలుగైదు తీసుకురండి. మొదటి పేజీ మీద పిల్లల పేర్లు కనబడకుండా కాగితం అంటించండి. నీట్‌గా ఉన్నవి వద్దు, తప్పులున్నవే కావాలి. అరగంట వాటి మీదే కూర్చుందాం. ఆ తర్వాత ఇక్కడి నాలుగో తరగతిలో ఒకరు పాఠం చెప్పాలి. పాఠం చెప్పినవాళ్ళ గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు, పొగడ్త కూడా వద్దు. పిల్లలు ఏం చేశారో అదే మాట్లాడదాం. ముందు ఎవరు చెబుతారన్నది టీ తాగేలోపు తేల్చండి. ఎవరూ రాకపోతే నేనే చెబుతాను, పుల్లల కట్టలు నా దగ్గర ఉన్నాయి.