పయాన్ దెబ్బకు ఎగిరిపోయే న్యూట్రాన్

హోస్ట్: నమస్తే మేడమ్. పయాన్ అనే చిన్న కణం పుట్టిన కాసేపటికే మాయమైపోతుందంటారు. అలాంటి దానితో ప్రయోగాలు ఎలా చేస్తారు?

గెస్ట్: నమస్తే అండీ. ప్లస్ గానీ మైనస్ గానీ ఛార్జ్ ఉన్న పయాన్ సగటు ఆయుష్షు 26 నానోసెకన్లు. కానీ కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తుతుంది కాబట్టి కొన్ని మీటర్లు పోతుంది. ఆ లోపే టార్గెట్‌కి తగిలించాలి. ఇందుకోసమే 1970ల్లో అమెరికాలో లాస్ అలమోస్, స్విట్జర్లాండ్‌లో విల్లిగెన్, కెనడాలో వాంకూవర్‌లలో పయాన్లను పుట్టించే యంత్రాలు మొదలయ్యాయి.

హోస్ట్: టార్గెట్ ఏమిటి?

గెస్ట్: కార్బన్-12 తీసుకుందాం. పయాన్ దెబ్బకు దాని కేంద్రకంలోంచి ఒక న్యూట్రాన్ పోతే కార్బన్-11 మిగులుతుంది. దాని అర్ధజీవితం 20 నిమిషాలు. పాజిట్రాన్, అంటే ప్లస్ ఛార్జ్ ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణం, వదులుతుంది, దాంతో 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు వస్తాయి. పారిపోయిన న్యూట్రాన్‌ను పట్టుకోనక్కర్లేదు, టార్గెట్‌ను తీసుకెళ్లి డిటెక్టర్ ముందు పెట్టి లెక్కపెడితే చాలు. నాకెంతో ఇష్టమైన పద్ధతి ఇది.

హోస్ట్: మరి చిక్కు ఎక్కడ వచ్చింది?

గెస్ట్: పయాన్ శక్తి 180 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే, అది న్యూక్లియాన్‌తో, అంటే కేంద్రకంలోని ప్రోటాన్‌తోనో న్యూట్రాన్‌తోనో, కలిసి ఓ క్షణం డెల్టా అనే కణం అవుతుంది. అక్కడ మైనస్ పయాన్ న్యూట్రాన్‌ను కొట్టే అవకాశం, ప్లస్ పయాన్ కొట్టేదానికి మూడింతలు. అంటే కార్బన్-11 కూడా మైనస్ పయాన్లతో మూడింతలు రావాలి. 1960ల చివర్లో కొలిస్తే రెండూ దాదాపు సమానంగా వచ్చాయి! తర్వాత లాస్ అలమోస్‌లో జాగ్రత్తగా కొలిస్తే నిష్పత్తి ఒకటిన్నర దాకా వచ్చింది. మూడు మాత్రం రాలేదు.

హోస్ట్: ఎందుకలా?

గెస్ట్: క్యారమ్స్‌లో స్ట్రైకర్ తగిలిన కాయిన్ దారిలో ఇంకో కాయిన్‌ను కొట్టి ఆగిపోతుంది, రెండోది పాకెట్‌లో పడుతుంది చూశారా? అదే ఇది. ప్లస్ పయాన్ ఎక్కువగా ప్రోటాన్‌నే కొడుతుంది. ఆ ప్రోటాన్ బయటికొస్తూ ఓ న్యూట్రాన్‌ను తోసేసి తాను లోపల ఉండిపోతే, మిగిలేది కార్బన్-11. అటు మైనస్ పయాన్ కొట్టిన న్యూట్రాన్ కూడా అలాగే ఓ ప్రోటాన్‌ను బయటికి పంపితే, మిగిలేది బోరాన్-11. అందుకే నిష్పత్తి మూడు నుంచి పడిపోతుంది. భౌతిక శాస్త్రవేత్తలు స్టెర్న్‌హైమ్, సిల్బార్ 1970ల్లో చెప్పిన వివరణ ఇది. పయాన్‌ను మాత్రమే చూసుకుంటూ కూర్చుంటే ఇది తట్టదండీ. దెబ్బ తిన్న న్యూక్లియాన్ వెంట నడవాలి.

హోస్ట్: పయాన్ కేంద్రకం లోపలి దాకా పోతుందా?

గెస్ట్: ఈ శక్తి దగ్గర పోదు. ఫెర్మి దూరం, అంటే దాదాపు ఒక ప్రోటాన్ సైజంత దూరం, కూడా దాటకముందే తగులుతుంది, అందుకే దెబ్బలన్నీ చాలావరకు అంచులోనే. కొన్నిసార్లు పయాన్ మొత్తంగా మింగుడుపడిపోతుంది కూడా. దానికి సాధారణంగా రెండు న్యూక్లియాన్లైనా కావాలి, ఎందుకంటే ఒక్కటే ఆ శక్తిని, ద్రవ్యవేగాన్ని రెంటినీ సర్దుకోలేదు.

హోస్ట్: ఇప్పుడు ఇవన్నీ ఎవరికి కావాలి?

గెస్ట్: న్యూట్రినోల మీద, అంటే దేనికీ అంత తేలిగ్గా తగలని కణాల మీద, పనిచేసే వాళ్లకి! న్యూట్రినో కేంద్రకంలో తగిలి పయాన్‌ను పుట్టిస్తే, అది బయటికి రాకముందే ఛార్జ్ మార్చుకోవచ్చు, మింగుడుపడిపోవచ్చు. అది లెక్కలో లేకపోతే న్యూట్రినో శక్తి అంచనా తప్పుతుంది. అందుకే వాంకూవర్‌లోని ట్రయంఫ్ ప్రయోగశాలలో డ్యూయెట్ అనే ప్రయోగం మళ్లీ కార్బన్ మీదికే ప్లస్ పయాన్లను పంపి, ఆ రెండూ ఎంతెంత జరుగుతున్నాయో కొలిచింది.