పడవల పేరు చెప్పి దేశాన్ని తాకట్టు పెట్టారు

నమస్కారం. ఒక ఆర్థిక మంత్రి, కంపెనీలు అప్పు తీర్చకపోతే ప్రభుత్వమే కడుతుందని కొన్ని హామీ పత్రాల మీద సంతకాలు పెట్టాడు. పార్లమెంటును అడగలేదు. వాటి విలువ దాదాపు 200 కోట్ల డాలర్లు. ఇది జరిగింది ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్‌లో. ప్రపంచంలోని అతి పేద దేశాల్లో అదొకటి.

2013, 2014ల్లో అక్కడ మూడు ప్రభుత్వ కంపెనీలు అప్పులు తీసుకున్నాయి. ఒకటి ట్యూనా చేపల వేటకి, ఒకటి తీరం కాపలాకి, ఇంకొకటి ఓడల మరమ్మతుకి అన్నారు. మూడింటి వెనకా ఉన్నది దేశ గూఢచారి విభాగమే. అప్పిచ్చినవి క్రెడిట్ స్విస్, రష్యా బ్యాంకు వీటీబీ. ఆ డబ్బు మొజాంబిక్ ఖజానా ముఖం కూడా చూడలేదు. పడవలు, పరికరాలు అమ్మే ప్రివిన్వెస్ట్ అనే సంస్థకు నేరుగా వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ప్రభుత్వం ఎంత వరకు హామీ ఇవ్వొచ్చో చెప్పే చట్టం అక్కడ లేదా? ఉంది. బడ్జెట్ చట్టంలోనే పరిమితి ఉంది. అది దాటాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలని రాజ్యాంగం చెబుతోంది. చట్టం లేక జరిగిన దోపిడీ కాదిది. ‘ఇది చెల్లదు’ అని ఫైలు వెనక్కి పంపే ధైర్యం ఏ కుర్చీలోనూ లేక జరిగింది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. లంచం తీసుకున్నవాడి గురించి అందరం మాట్లాడతాం, అడ్డుపడాల్సిన చోట తలొంచిన వ్యవస్థ గురించి మాట్లాడం.

2016లో దాచిన అప్పులు బయటపడ్డాయి. ఐఎంఎఫ్ సాయం ఆపేసింది. బడ్జెట్‌కు నేరుగా డబ్బిచ్చే దేశాలూ చేతులు ఎత్తేశాయి. ఆ దేశ కరెన్సీ మెటికల్ విలువ కుప్పకూలింది, ధరలు మండిపోయాయి. ఒక్క పడవ కూడా చూడని మనిషి తన ఇంటి సరుకుల్లో ఆ అప్పు కట్టడం మొదలుపెట్టాడు. క్రోల్ సంస్థ 2017లో ఇచ్చిన ఆడిట్ నివేదిక ప్రకారం, దాదాపు 50 కోట్ల డాలర్లు ఎటు పోయాయో లెక్కే దొరకలేదు.

మరి శిక్షలు? సంతకం పెట్టిన మాజీ మంత్రి మాన్యుయెల్ చాంగ్‌ను 2018 డిసెంబరులో జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. అది కూడా అమెరికా అడిగితే! అప్పటికి ఆయన సొంత దేశంలో ఎంపీగా దర్జాగా ఉన్నాడు. చివరికి ఎనిమిదిన్నరేళ్ల జైలు వేసింది న్యూయార్క్ కోర్టు. మొజాంబిక్ రాజధాని మాపుటోలో కూడా విచారణ జరిగింది, జైలు ఆవరణలో టెంట్ వేసి, టీవీలో లైవ్ ఇచ్చి. మాజీ అధ్యక్షుడి కొడుకుకు 2022లో 12 ఏళ్ల శిక్ష పడింది. అది చిన్న విషయం కాదు. కానీ దాని వెనక ఏళ్ల తరబడి గొంతెత్తిన అక్కడి పౌర సంఘాలున్నాయి. ‘దాచిన అప్పులు నేను కట్టను’ అని టీషర్టుల మీద రాసుకుని తిరిగారు వాళ్లు.

మన దగ్గర ఇలాంటి కుట్ర జరిగిందని నేను అనడం లేదు. కానీ కార్పొరేషన్ల పేరుతో బడ్జెట్ బయట తెచ్చే అప్పుల గురించి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి మీదా ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆక్షేపణలు రాసింది. ఆ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చిన రోజు మనం ఏ న్యూస్ చూస్తున్నాం? మీ ఎమ్మెల్యేని ఎప్పుడైనా ఈ ప్రశ్న అడిగారా? కామెంట్లలో చెప్పండి.

మొజాంబిక్ విషయానికొస్తే, ట్యూనా కంపెనీ అప్పుకు ఇచ్చిన హామీ చెల్లదని 2019 జూన్‌లో అక్కడి రాజ్యాంగ మండలి తేల్చేసింది. అయినా అదే ఏడాది ప్రభుత్వం ఆ అప్పు తాలూకు బాండ్లను (అప్పు పత్రాలను) 90 కోట్ల డాలర్ల కొత్త బాండ్లుగా మార్చి ఇచ్చింది. వాటి గడువు 2031.