రేటు ఉంది, బేరం లేదు

పెద్దలకు, తోటి దస్తావేజు లేఖరులకు నమస్కారమండీ.

మన కోనసీమలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా సెంటు ఎంత పలుకుతోందో చెప్పేవాళ్లకి కొదవ లేదు. ఆ రేటుకి ఎవరు కొన్నారండీ అంటే మాత్రం మాట మార్చేస్తారు. ఫలానా ఆయన అంత చెబుతున్నాడు, అంతే. చెప్పడం వేరు, అమ్ముడవడం వేరు.

ఒక్కో ఇంటికి మూడు ధరలుంటాయి. యజమాని నోట్లోది ఒకటి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలోది రెండోది. దాన్ని మార్కెట్ విలువ అంటారుగానీ, అది ప్రభుత్వం కట్టిన విలువ. చేతులు మారిన సొమ్ము మూడోది. దస్తావేజులో రాసిన ధర, పుస్తకం విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం పడుతుంది. అందుకని చాలామంది పుస్తకం విలువకే రాయించి మిగతాది నగదుగా ఇచ్చుకుంటారు. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానా కింద పోయే అవకాశం ఉంది. అమ్మేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇలా రాసిన ధరలు చూసి బజారు పెరిగిందో తగ్గిందో ఏం తేలుస్తాం? అందుకే నేను ధర చూడను, అమ్మకాల సంఖ్య చూస్తాను. ధర తగ్గించి రాయొచ్చు గానీ, జరగని రిజిస్ట్రేషను జరిగినట్టు రాయలేం కదండీ. మీరు కొనదలచిన చోట సర్వే నంబరు మీద, పక్క నంబర్ల మీద ఈసీ తీయండి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే కాగితం. దానపత్రాలు, భాగపరిష్కారాలు, తనఖాలు పక్కన పెట్టి క్రయ దస్తావేజులు మాత్రం లెక్కపెట్టండి. మూడేళ్లలో రెండో మూడో ఉంటే అక్కడ చెప్పే రేటుకి పునాది లేనట్టే.

మరి అమ్ముడవని ఇంటికి రేటెందుకు దిగదు? మన వీధుల్లో తాళాలేసిన మండువా ఇళ్లు చూడండి. తండ్రి పేరు మీదే ఉంటాయి. ఒకబ్బాయి హైదరాబాదు, ఒకబ్బాయి అమెరికా, అమ్మాయి కువైట్. ఎవరికీ డబ్బు అవసరం లేదు, అందుకే ఎవరూ తగ్గరు. ఒకవేళ తగ్గినా సంతకాలు కుదరవు. ఆడపిల్లకి పిత్రార్జితంలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, పెళ్లికాని వాళ్లకి. 2005లో దేశమంతటికీ వచ్చింది. తండ్రి అంతకుముందే పోయినా ఆ హక్కు చెల్లుతుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయినా "చెల్లికి పసుపుకుంకుమ కింద ఇచ్చేశాంగా" అంటూ అన్నదమ్ములు మాత్రమే వచ్చి కూర్చుంటారు. ఆవిడ సంతకం లేని ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

భీమవరం వైపు సంగతి వేరు. అక్కడ స్థలం కొనేవాడు ముందు రొయ్య కౌంటు రేటు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర, చూస్తాడు. 2025 ఆగస్టులో రొయ్యలతో సహా మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లినప్పుడు గుబులు చెరువు గట్టు మీదే ఆగలేదు, స్థలాల బేరాల దాకా వచ్చింది. ఇక ఏళ్ల తరబడి పూర్తికాని కోటిపల్లి–నరసాపురం రైలు పేరు చెప్పి అమ్మే ప్లాట్ల గురించి నేను మాట్లాడను. బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఆ రైలు మన బ్రోకర్ల నోట్లో పరుగెడుతూనే ఉంటుంది.

చివరగా, చవగ్గా వస్తోందంటే నేల మెరకా పల్లమా చూడండి. 1986 ఆగస్టులో, 2022 జూలైలో వరద నీరు ఆ ఊళ్లో ఎందాకా వచ్చిందో పక్కింటి ముసలాయన్ని అడగండి. రోడ్డు ఎత్తుకి లేపాలంటే ఎన్ని ట్రాక్టర్ల మట్టి పడుతుందో లెక్కేసి, ఆ ఖర్చు సెంటు రేటుకి కలపండి. చవకనుకున్న స్థలం చాలాసార్లు అక్కడే రోడ్డు పక్క స్థలంతో సమానమైపోతుంది.

ఈసీ కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, కలిసి చదువుదాం.