కడుపు, అన్నవాహిక క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందూ, తర్వాతా

అందరికీ నమస్కారం.

కడుపులోనో అన్నవాహికలోనో క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు సర్జన్‌ని మొదట అడిగేది, "డాక్టర్ గారూ, ఆపరేషన్ చేసి తీసేస్తే పోతుందా?" అని. ఆ వెంటనే, "అయితే రేపే చేసేయొచ్చుగా?" అంటారు. ఈ రెండు ప్రశ్నల చుట్టూనే నా మాటలు ఉంటాయి. మరీ తొలిదశలో దొరికినవి పక్కనపెడితే, ఈ జబ్బులు పూర్తిగా నయం కావాలంటే చాలామందికి ఆపరేషన్ తప్పదు. అయితే ఆ మనిషి ఎలా బయటపడతాడన్నది థియేటర్‌లో గడిచే ఐదారు గంటల్లో తేలేది కొంతే. అంతకుముందు నెలల్లో, ఆ తర్వాతి నెలల్లో జరిగేదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఈ మాట చెప్పడం మా సర్జన్లకు అంత ఇష్టం ఉండదు లెండి.

2022లో ప్రపంచమంతటా సుమారు 9.7 లక్షల మందికి కొత్తగా కడుపు క్యాన్సర్ వచ్చింది, 6.6 లక్షల మంది దానితో చనిపోయారు. అన్నవాహిక క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 5.1 లక్షలు, చనిపోయినవాళ్లు సుమారు 4.45 లక్షలు. ఆ చివరి రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కారణం, జబ్బు ఆలస్యంగా బయటపడటమే. అన్నవాహిక సాగే గొట్టం. లోపల కణితి పెరుగుతున్నా చాలా భాగం మూసుకుపోయేదాకా ముద్ద అడ్డం పడదు. అడ్డం పడటం మొదలయ్యాక కూడా మనిషి సర్దుకుపోతాడు. గట్టివి మానేసి మెత్తగా కలుపుకుంటాడు, ముద్దకో గుక్క నీళ్లు తాగుతాడు, చివరికి ద్రవాలకు దిగుతాడు. ఈలోపు నెలలు గడిచిపోతాయి. కడుపు క్యాన్సర్‌ది ఇంకో దారి. అజీర్తి అనుకుంటాం, గ్యాస్ మాత్ర వేసుకుంటాం, రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టున్నా, నల్లటి విరేచనమైనా, రక్తహీనత ఎందుకో తేలకపోయినా ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఇందులో వాయిదా వేసేది ఏమీ లేదు.

దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవాళ్లకు రెండేళ్లకోసారి కడుపు క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. అందుకే అక్కడ చాలా కేసులు పైపొరల్లో ఉన్నప్పుడే దొరుకుతాయి. ఆ దశలో కొందరికి పొట్ట కోయనక్కర్లేదు, ఎండోస్కోపీతోనే ఆ పొరను ఒలిచి తీసేస్తారు. తొలిదశ కడుపు క్యాన్సర్‌లో సరైన చికిత్స జరిగితే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు 90 శాతం పైమాటే. ఏ సర్జన్ నైపుణ్యమూ ఇంత తేడా తేలేదు.

చరిత్ర కాస్త చెప్తాను, నాకు ఇష్టమైన భాగం. 1881 జనవరి 29న వియన్నాలో థియోడోర్ బిల్‌రోత్ ఒక మహిళకు కడుపు కింది భాగం తీసేసి, మిగిలినదాన్ని చిన్నపేగుకు కలిపి కుట్టారు. అంతకుముందు మరో ఇద్దరు సర్జన్లు ప్రయత్నించారు గానీ రోగులు దక్కలేదు. ఈమె ఆపరేషన్ నుంచి కోలుకున్నారు, కానీ జబ్బు తిరగబెట్టి నాలుగు నెలల్లోపే చనిపోయారు. 1913లో న్యూయార్క్‌లో ఫ్రాంజ్ టోరెక్ ఒక మహిళ ఛాతీ తెరిచి అన్నవాహికలోని క్యాన్సర్ భాగాన్ని తీసేశారు. తిరిగి కలిపే పద్ధతి అప్పటికి లేదు. మెడ దగ్గరి రంధ్రానికీ పొట్ట మీది రంధ్రానికీ మధ్య ఒంటి బయట రబ్బరు గొట్టం పెట్టారు. ఆ గొట్టంతోనే తింటూ ఆమె పదేళ్లకు పైగా బతికారు. బిల్‌రోత్ ఆపరేషన్‌లో తప్పు లేదు, కణాలు అప్పటికే గడప దాటేశాయి. ఆ తర్వాత వందేళ్లకు పైగా మేం పోరాడుతున్నది ఎక్కువగా ఆ గడప దాటిన కణాలతోనే.

వాటితో పోరాడటానికి సర్జన్లు మొదట ఎంచుకున్న దారి, ఇంకా ఎక్కువ కోయడం. కడుపు చుట్టూ లింఫ్ గ్రంథులు ఉంటాయి. క్యాన్సర్ మొదట పాకేది వాటిలోకే. కడుపును ఆనుకుని ఉన్నవే తీయాలా, దానికి రక్తం తెచ్చే పెద్ద నాళాల వెంబడి ఉన్నవి కూడా తీయాలా అన్న గొడవ దశాబ్దాలు నడిచింది. మొదటిదాన్ని డీ1 అనీ రెండోదాన్ని డీ2 అనీ అంటారు. నెదర్లాండ్స్‌లో పోల్చి చూస్తే, డీ2 చేసినవాళ్లలో ఆపరేషన్ వల్ల 10 శాతం మంది చనిపోయారు, డీ1లో 4 శాతం. అప్పట్లో డీ2లో భాగంగా చాలామందికి ప్లీహం, క్లోమం తోక కూడా తీసేసేవారు, ప్రాణం మీదికి తెచ్చింది ముఖ్యంగా అదే. అయితే అదే రోగులను 15 ఏళ్లు గమనిస్తే, క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు డీ2లో 37 శాతం, డీ1లో 48 శాతం. అందుకే ఇప్పుడు ప్లీహాన్ని, క్లోమాన్ని వదిలిపెట్టి డీ2 చేస్తున్నాం. మరి ఇంకా లోపలికి, బృహద్ధమని పక్క గ్రంథులదాకా వెళ్తే? జపాన్ సర్జన్లు అదీ చేసి చూశారు. ఐదేళ్ల మనుగడ రెండు వైపులా 70 శాతం దగ్గరే నిలిచింది. పెద్ద కోత అంటే మంచి వైద్యం అనుకునేవాళ్లకు ఈ ఫలితం కొంచెం చేదుగా ఉండాలి.

"రేపే చేసేయొచ్చుగా" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. స్కాన్‌లో కనపడని కణాల దగ్గరికి కత్తి వెళ్లలేదు, మందు వెళ్లగలదు. ఆ మందును ఆపరేషన్‌కు ముందే ఎందుకివ్వాలంటే, తర్వాత చాలామంది తట్టుకోలేరు. ఫ్లాట్ అనే నాలుగు మందుల కీమో మీద జర్మనీలో జరిగిన పరిశోధనలో ముందూ వెనకా ఇవ్వాల్సిన మోతాదులన్నీ పూర్తి చేయగలిగినవాళ్లు సగం కంటే తక్కువ. అయినా ఫలితం బాగుంది. పాత కీమో తీసుకున్నవాళ్లలో సగం మంది 35 నెలలు దాటి బతికితే, ఫ్లాట్ తీసుకున్నవాళ్లలో సగం మంది 50 నెలలు దాటారు. అన్నవాహిక విషయంలో 2012లో డచ్ వైద్యులు వెలువరించిన క్రాస్ పరిశోధన మలుపు తిప్పింది. ఐదు వారాల కీమో, రేడియేషన్ ఇచ్చి ఆపరేషన్ చేస్తే ఈ అంకె 24 నెలల నుంచి 49 నెలలకు పెరిగింది. తీసిన భాగాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే 29 శాతం మందిలో ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగల్లేదు. గ్రంథి కణాల నుంచి పుట్టే రకం అన్నవాహిక క్యాన్సర్‌లో ఈ రెండు పద్ధతులనూ ఈమధ్య పోల్చారు. ఫ్లాట్‌తో 66 నెలలు, క్రాస్‌తో 37. పొలుసు కణాల రకానికి మాత్రం ఈ లెక్క వర్తించదు. అందుకే బయాప్సీ రిపోర్టులో ఏ రకమో చూడకుండా పక్కింటివాళ్లకు ఇచ్చిన చికిత్స మనకూ కావాలని అడగకూడదు. ఇంకో మాట, ఈ నెలల లెక్కలు సగం మంది దాటిన గీతను చెప్తాయి, ఒక మనిషి ఆయుష్షును కాదు.

కీమోకు ముందు సీటీ, పెట్ స్కాన్, చాలాసార్లు లాప్రోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడటం కూడా చేస్తాం. స్కాన్‌కు చిక్కని చిన్న చిన్న క్యాన్సర్ గింజలు పొట్ట లోపలి పొర మీద పరుచుకుని ఉండొచ్చు. అవి ఉంటే కడుపు తీసేసి సాధారణంగా లాభం లేదు. "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని కొందరు భయపడతారు. తెరిచి చూసి, అప్పటికే పాకిందని గమనించి మూసేసిన రోజుల నుంచి ఆ భయం వచ్చి ఉంటుందని నా అనుమానం. ఆ పరిస్థితి రాకూడదనే ఈ లాప్రోస్కోపీ.

ఆపరేషన్ గురించి క్లుప్తంగా చెప్తాను. కడుపు కింది భాగంలో కణితి ఉంటే పై భాగం కొంత మిగుల్చుతాం, పైన ఉంటే మొత్తం తీసి అన్నవాహికను నేరుగా పేగుకు కలుపుతాం. అన్నవాహిక తీసినప్పుడు కడుపునే సన్నటి గొట్టంలా కుట్టి ఛాతీలోకో మెడదాకానో లాగుతాం. కుట్టు దగ్గర లీకు, న్యుమోనియా, ఈ రెండే మా నిద్ర చెడగొట్టేవి. అన్నవాహిక ఆపరేషన్‌లో సుమారు పదిమందిలో ఒకరికి లీకు రావొచ్చు. 2012లో వచ్చిన ఒక యూరప్ పరిశోధనలో ఛాతీ తెరిచినవాళ్లలో 34 శాతం మందికి ఆస్పత్రిలో ఉండగా ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వస్తే, చిన్న రంధ్రాలతో చేసినవాళ్లలో అది 12 శాతమే.

ఇక ఎక్కడ చేయించుకోవాలి? 2002లో అమెరికాలో వృద్ధ రోగుల లెక్కలు తీస్తే, అన్నవాహిక ఆపరేషన్లు చాలా అరుదుగా చేసే ఆస్పత్రుల్లో మరణాలు 20 శాతం, ఎక్కువగా చేసేచోట 8 శాతం. లీకు ఎక్కడైనా వస్తుంది. దాన్ని అర్ధరాత్రి రెండింటికి గుర్తుపట్టే నర్సు, వెంటనే స్కాన్ తీసేవాళ్లు, ఎండోస్కోపీతో సరిచేసేవాళ్లు ఉన్నారా అన్నదే తేడా. "మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని సర్జన్‌ని అడగండి. మొహమాటపడొద్దు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకునే డాక్టర్ కూడా మీకు జవాబు చెప్పినట్టే.

రోగి చేతిలో ఉన్నవీ ఉన్నాయి. పొగ మానేయడం, రోజూ నడవడం, శ్వాస వ్యాయామాలు, తగినంత ప్రొటీన్. నోటితో తినలేకపోతే పేగులోకి ట్యూబు పెట్టయినా పోషణ ఇవ్వాలి. ట్యూబు అనగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్, చివరి దశేమో అని. కానే కాదు, అది బలం పుంజుకోవడానికి.

ఇప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పని భాగం. డిశ్చార్జి రోజు అందరూ సంతోషంగా ఉంటారు, ఇంటికెళ్లిన రెండో వారంలో ఫోన్ వస్తుంది. "నాలుగు ముద్దలు తినగానే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టినట్టుంది" అని. దీన్ని డంపింగ్ అంటాం. నిల్వ ఉంచి కొంచెం కొంచెంగా వదిలే సంచి పోయింది కదా, తిన్నది ఒక్కసారిగా పేగులో పడుతుంది. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినడం, తీపి తగ్గించడం, భోజనంతో పాటు నీళ్లు తాగకుండా కాస్త ఆగి తాగడం, ఈ మూడింటితో చాలామందికి సర్దుకుంటుంది. అన్నవాహిక ఆపరేషన్ అయినవాళ్లు వెల్లకిలా బల్లపరుపుగా పడుకోకూడదు. కింద ఉన్నది పైకి రాకుండా ఆపే కవాటం ఇక లేదు కాబట్టి తల వైపు ఎత్తుగా ఉండాలి, రాత్రి తిన్న వెంటనే మంచమెక్కకూడదు. బరువు తగ్గుతారు. "ఇదివరకటిలా తినడం లేదు, జబ్బు మళ్లీ వచ్చిందేమో" అని ఇంట్లోవాళ్లు బలవంతంగా తినిపిస్తారు. దయచేసి అలా చేయకండి. భోజనం దగ్గర రోజూ జరిగే ఆ గొడవ కీమో కంటే ఎక్కువ నలిపేస్తుంది.

కడుపు మొత్తం తీసేసినవాళ్లకు బీ12 విటమిన్ జీవితాంతం ఇవ్వాలి. ఆహారంలోని బీ12 ఒంటికి పట్టడానికి కావాల్సిన పదార్థం కడుపులోనే తయారవుతుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉండటంతో మొదట్లో ఏమీ తెలియదు. అంతా బాగుందని ఇంజెక్షన్లు మానేసినవాళ్లకు రెండు మూడేళ్ల తర్వాత కాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి. ఐరన్, కాల్షియం కూడా చూసుకోవాలి.

చివరగా, ఈమధ్య చాలామంది అడుగుతున్న విషయం. కీమో, రేడియేషన్‌తో అన్నవాహికలో కణితి కనపడకుండా పోతే ఆపరేషన్ మానేయొచ్చా? నెదర్లాండ్స్‌లోనే శానో అనే పరిశోధన చేశారు. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లలోనూ, కనిపెట్టుకుని ఉండి అవసరమైతేనే చేసినవాళ్లలోనూ రెండేళ్ల మనుగడ దాదాపు ఒక్కటే, 70 శాతం పైన. కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి కణితి అదే చోట మళ్లీ వచ్చింది. వాళ్లు పరీక్షలు తప్పకుండా చేయించుకున్నారు కాబట్టి సమయానికి దొరికింది. కొన్ని నెలలకోసారి ఎండోస్కోపీ, బయాప్సీలు, స్కాన్లు ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా చేయించుకోగలిగితేనే ఆ దారి ఎంచుకోమంటాను. వాయిదాలు వేసే అలవాటున్నవాళ్లకైతే ఆపరేషన్ చేయించుకోమనే చెప్తాను.

ఇక మీరు అడగండి. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు ముందు బయాప్సీ కాగితం తీసి పెట్టుకోండి, నేను మొదట చూసేది అదే.