కాటా మీద కనిపించే బరువు, కనిపించని లెక్క: దూడలకు పాలు మాన్పించడం, మందకు పెయ్యలను ఎంచుకోవడం

[తెరపై: కంచెకు ఈవల దూడలు, ఆవల తల్లులు. రెండు వైపుల నుంచీ అరుపులు.]

మాంసం కోసం పశువులను పెంచే చిన్న మందలో, అంటే ఇరవై ముప్పై ఆవులకు మించని చోట, ఏడాదిలో ముఖ్యమైన రోజులు ఏవని అడిగితే చాలామంది ఆవులు ఈనే రోజులని చెబుతారు. నేను మాత్రం దూడలకు పాలు మాన్పించే రోజునే చెబుతాను. ఏడాది పొడవునా మేసిన మేతకు ఏ ఆవు ఎంత ప్రతిఫలం ఇచ్చిందో ఆ రోజే కాటా మీద కనబడుతుంది. వచ్చే ఏటికి మందలో ఏది నిలవాలో, ఏది వెళ్ళాలో తేల్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

దూడ కడుపులో నాలుగు అరలు ఉంటాయి; పుట్టినప్పుడు వాటిలో గడ్డిని పులియబెట్టే పెద్ద పొట్ట చాలా చిన్నదిగా ఉంటుంది. పాలను అరిగించే నాలుగో అరే అన్నింటికన్నా పెద్దది. గడ్డి, దాణా కొరకడం అలవాటయ్యాక, అవి పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల వల్ల పెద్ద పొట్ట లోపలి గోడ ఎదుగుతుంది, మూడు నాలుగు నెలలకు దూడ మేత మీదే బతకగలిగే స్థితికి వస్తుంది. సాధారణంగా 6 నుంచి 8 నెలల మధ్య పాలు మాన్పిస్తారు. మేతకు కరువు వచ్చిన ఏడాది ఇంకా ముందే మాన్పించడం మంచిది, ఎందుకంటే పాలిచ్చే ఆవుకు కావలసినంత మేత వట్టిపోయిన ఆవుకు అక్కరలేదు. పైగా చూడితో ఉన్న ఆవు ఒకసారి ఎముకలు తేలేలా చిక్కిపోతే, ఈనేలోగా దానికి మళ్ళీ కండ పట్టించడం ఖర్చుతో కూడిన పని.

[తెరపై: దూడ ముక్కుకు తగిలించిన ప్లాస్టిక్ రేకు, దగ్గరగా.]

దూడను హఠాత్తుగా తల్లి కంటికి కనబడనంత దూరం తీసుకుపోవడం పాత పద్ధతి. అందులో దూడ రెండు మూడు రోజులు అరుస్తూ, తిరుగుతూ, మేత మానేసి నీరసిస్తుంది. ఇప్పుడు చూపిస్తున్న రేకును ముక్కు రంధ్రాల మధ్య గోడకు, దానికి బెజ్జం వేయకుండానే తగిలిస్తారు. దూడ తల వంచి గడ్డి మేసేటప్పుడు రేకు ముందుకు వేలాడి నోటికి అడ్డు తొలగుతుంది, నీళ్ళు తాగడానికీ ఇబ్బంది ఉండదు; తల ఎత్తి పొదుగు దగ్గరికి పోతే మాత్రం చన్నుకూ నోటికీ నడుమ అడ్డుపడుతుంది. తల్లి పక్కనే ఉంటుంది, పాలు మాత్రం అందవు. నాలుగు నుంచి ఏడు రోజుల తరువాత రేకు తీసి వేరు చేస్తే దూడ పెద్దగా బెంగపడదు. అంతకు మించి ఉంచితే ముక్కు ఒరుసుకుపోయి పుండు పడవచ్చు. రేకు లేని వారు గట్టి కంచె ఒకటి నడుమ పెట్టి, తల్లీ దూడా ఒకదానినొకటి చూసుకునేలా వారం రోజులు ఉంచినా సరిపోతుంది. అయితే కంచె పాలు కుడవడానికి ఏమాత్రం సందివ్వనిదై ఉండాలి.

వృషణాలు తీయించడం, కొమ్ములు కాల్చడం వంటి నొప్పి కలిగించే పనులను ఈ వారంలో పెట్టుకోకూడదు. అవి దూడ చిన్నదిగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. టీకాలను కూడా రెండు నుంచి నాలుగు వారాల ముందే వేయిస్తే, బెంగతో ఒళ్ళు బలహీనపడే సమయానికి రక్షణ సిద్ధంగా ఉంటుంది. నీటి తొట్టిని దొడ్డి మధ్యలో కాక కంచె వెంబడి పెట్టాలి. తల్లి కోసం కంచె పక్కనే అటూ ఇటూ తిరిగే దూడకు అది దారిలోనే తగులుతుంది. మధ్యలో ఉన్న తొట్టి పక్కకు అది చాలాసేపు పోనే పోదు. మొదటి రోజుల్లో మెత్తని మంచి ఎండుగడ్డి వేసి, దాణాను కొద్దికొద్దిగా పెంచాలి, ఒక్కసారిగా ఎక్కువ గింజలు పెడితే పొట్ట పులిసి దూడ ప్రాణం మీదికి వస్తుంది. మొదటి రెండు వారాలు, చెవులు వాల్చి, తొట్టి దగ్గరికి రాకుండా ఒంటరిగా నిలబడే దూడ ఏదో రోజూ చూడాలి. జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, ఊపిరి వేగంగా ఉంటే పశువైద్యుని పిలవడానికి మరునాటి వరకు ఆగకూడదు.

[తెరపై: కాటా మీద రెండు పెయ్యదూడలు. పక్కనే లెక్క.]

ఇక ఎంపిక విషయం. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాటా మీద మొదటి పెయ్య 230 కిలోలు, రెండవది 205 కిలోలు తూగాయని అనుకుందాం. చూసిన వెంటనే చేయి మొదటి దాని మీదికే పోతుంది. కానీ మొదటిది పుట్టి 230 రోజులు, పుట్టినప్పటి బరువు 35 కిలోలు. రెండవది పుట్టి 180 రోజులే, పుట్టినప్పటి బరువు 33 కిలోలు. వేరువేరు వయసుల దూడలను పోల్చడానికి అన్నింటినీ 205 రోజుల వయసుకు లెక్కగడతారు. పెరిగిన బరువును వయసు రోజులతో భాగించి, ఆ 205 రోజులతో గుణించి, పుట్టినప్పటి బరువు కలిపితే, 205 రోజుల వయసుకు మొదటిది సుమారు 209 కిలోలు, రెండవది సుమారు 229 కిలోలు అవుతాయి. చిన్నదిగా కనబడిన దూడే ఇరవై కిలోలు ముందుంది. తొలిచూలు ఆవుకు పాలు తక్కువ కాబట్టి, దాని దూడకు ఇంకొంత బరువు కలిపి పోల్చడం న్యాయం.

ఈ లెక్కలో గెలిచినంత మాత్రాన పెయ్య మందకు పనికివస్తుందని కాదు. అన్నింటికన్నా భారీగా ఎదిగే పెయ్యలనే ఏటేటా ఉంచుకుంటూ పోతే, కొన్నాళ్ళకు ఆవులన్నీ పెద్దవై, ఉన్న మేత వాటికి చాలక, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఆవు చూడి కాలం సుమారు 283 రోజులు. ఏడాదికొక ఈత కావాలంటే ఈనిన తరువాత 82 రోజుల లోపలే మళ్ళీ చూడి కట్టాలి. అందువల్ల ఈతల కాలం మొదట్లోనే ఈని, మళ్ళీ సకాలంలో కట్టిన తల్లి బిడ్డనే నేను ముందు చూస్తాను. ఆ తల్లి పొదుగు బిగువుగా, చన్నులు దూడ నోటికి ఇమిడేంత చిన్నవిగా ఉన్నాయా, కాళ్ళు, గిట్టలు సరిగా ఉన్నాయా, మనిషిని చూస్తే కుమ్మడానికి వస్తుందా అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యను మాత్రం ఎంత అందంగా ఉన్నా ఎంచుకోకూడదు. అలాంటివాటిలో పదింట తొమ్మిది గొడ్డుపోయినవే. ఎంచుకున్న పెయ్య ఎదిగిన ఆవు బరువులో 60 నుంచి 65 శాతానికి చేరాక, సుమారు 15 నెలలకు కట్టిస్తే రెండేళ్ళకు ఈనుతుంది.

[తెరపై: ఆబోతు నడక, పక్క నుంచి.]

ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఇస్తుంది, ఆబోతు ఇరవైకి తండ్రి అవుతుంది. సొంత పెయ్యలనే ఉంచుకుంటూ వరుసగా మూడు ఆబోతులను మారిస్తే, మూడో తరం దూడల వారసత్వంలో ఎనిమిదింట ఏడు వంతులు ఆ మూడింటివే. కట్టే కాలానికి ముందు వీర్య పరీక్ష చేయించాలి. అయితే వీర్యకణం తయారు కావడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి, ఆబోతుకు ఇప్పుడు వచ్చిన జ్వరం ప్రభావం కొన్ని వారాల తరువాత కూడా కనబడవచ్చు. చిన్న మందకు ఉన్న అసలు చిక్కు వేరు: ఒకే ఆబోతు ఉన్నచోట, రెండో ఏడు పూర్తయ్యేసరికి దాని కూతుళ్ళే ఎదకు వస్తాయి. పెయ్యలను పాలు మాన్పించిన రోజునే ఆబోతును మార్చే నెలను పుస్తకంలో రాసుకోవాలి, లేదా ఆ పెయ్యలకు మాత్రం వేరే ఆబోతు వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించి, తండ్రిని మరో దొడ్డిలో కట్టివేయాలి.