గుడ్డ సంచి తర్వాత

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పటికే ఏదో ఒకటి చేస్తున్నవాళ్ళే. బజారుకు గుడ్డ సంచి తీసుకెళ్తారు, స్టీలు సీసాలో నీళ్ళు తెచ్చుకుంటారు, వినాయక చవితికి మట్టి విగ్రహం పెడతారు. అవి మానమని చెప్పడానికి నేను రాలేదు. అవన్నీ అయ్యాక ఇంకా ఏం మిగిలిందో, అందులో ఏది పెద్దదో ఏది చిన్నదో మీతో కలిసి లెక్క వేద్దామని వచ్చాను. రోజంతా ఉద్యోగం, పిల్లల చదువులు, పెద్దవాళ్ళ మందులు చూసుకునే మనిషికి పర్యావరణం కోసం మిగిలే ఓపిక కొంచెమే. ఆ కొంచెం ఓపికనూ చిన్న విషయాల మీద ఖర్చుపెట్టేస్తే పెద్ద వాటి దగ్గరికి ఎప్పటికీ చేరలేం. నా బాధ అదే.

సంచితోనే మొదలుపెడతాను. పత్తి పండాలంటే నీళ్ళు కావాలి, ఎరువులు కావాలి, పురుగుమందులు కొట్టాలి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ఒక లెక్క వేసింది. దుకాణంలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచిని ఒక్కసారి వాడి పారేస్తే భూమి వేడెక్కడంలో దాని వాటా ఎంతో, గుడ్డ సంచి వాటా అంతకు మించకుండా ఉండాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలని తేలింది. ఇంట్లో పాత చీరతో కుట్టుకున్న సంచికి ఈ లెక్క వర్తించదు, అది ఎప్పుడూ మంచిదే. కానీ ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి సదస్సులోనూ పంచే కొత్త సంచులు అల్మారాలో పోగుపడుతుంటే మనం పర్యావరణానికి చేసిన మేలేమీ లేదు. ప్లాస్టిక్ సంచి నాలాలో అడ్డుపడుతుంది, ఆవు కడుపులోకి పోతుంది. అందుకని దాన్ని వద్దనడం సబబే. అయితే ప్లాస్టిక్ చెత్త ఒక సమస్య, భూమి వేడెక్కడం ఇంకో సమస్య. ఒకదానికి చేసిన పనిని రెండోదాని ఖాతాలో రాసుకోకూడదు.

మరి వేడెక్కడంలో మన ఇళ్ళ వాటా ఎక్కడుంది? వేసవిలో మీ కరెంటు బిల్లు తీసి చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒక యూనిట్‌కు కాస్త అటూ ఇటూ తింటుంది. రాత్రి ఆరు గంటలు నడిస్తే ఆరేడు యూనిట్లు. మన దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అంటే ఒక గదిలో ఒక రాత్రికి దాదాపు ఐదు కిలోలు. వంద రాత్రులకు అర టన్ను. మన దేశంలో అన్ని అవసరాలకూ కలిపి తలసరి కార్బన్ డయాక్సైడ్ సగటే ఏడాదికి సుమారు రెండు టన్నులు.

మార్చి వచ్చేసరికే మాడ్చే ఎండలున్న చోట ఏసీ వాడొద్దని ఎవరికైనా చెప్పడం అన్యాయం. ముసలివాళ్ళకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీది విషయం. నేను చెప్పేది వేరు. 18కి బదులు 24 దగ్గర పెట్టండి. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని, కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎప్పటినుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే ఆన్ అయ్యేలా నిబంధన పెట్టింది కూడా. దానికి తోడు పాత ఫ్యాను 75 వాట్లు తింటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్లతో అదే గాలి ఇస్తుంది.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. ఏసీలో ఉండే గ్యాస్. పాత ఏసీల్లో వాడిన ఆర్-22 అనే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కొత్త వాటిలో ఎక్కువగా వాడే ఆర్-32 కూడా దాదాపు 675 రెట్లు. అంటే ఒక కిలో గ్యాస్ లీకైతే మీరు వంద రాత్రులు ఏసీ వేసుకున్నదానికంటే ఎక్కువ నష్టం. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. "గ్యాస్ తగ్గింది, పట్టించాలి" అని మెకానిక్ అన్నప్పుడు, లీకు ఎక్కడుందో చూసి మూసిన తర్వాతే పట్టమని అడగండి. పాత ఏసీ అమ్మేటప్పుడు లోపలి గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి తీసేవాళ్ళకే ఇవ్వండి. కొంచెం డబ్బు ఎక్కువ అవుతుంది. అయినా ఆ ఖర్చు పెట్టదగినదే.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం, అక్షరాలా. పై అంతస్తులో ఉండేవాళ్ళ ఇల్లు రాత్రి పదింటికి కూడా ఎందుకు కాగుతుంది? పొద్దుటినుంచి స్లాబు తాగిన వేడంతా రాత్రికి కిందికి దిగుతుంది. మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే ఆ వేడిలో చాలా భాగం పైనుంచి పైనే వెనక్కి పోతుంది. ఇల్లు కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది, ఏసీ తక్కువసేపు నడుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దీనికోసమే ఒక విధానం తెచ్చింది, దేశంలో ఏ రాష్ట్రమూ అంతకుముందు అలాంటిది తేలేదు. కానీ అపార్ట్‌మెంట్‌లో మేడ ఎవరిది? అందరిదీ. పూతకు డబ్బు ఎవరివ్వాలి? రెండో అంతస్తువాళ్ళు "మాకేం లాభం" అంటారు. ఐదో అంతస్తువాళ్ళు వేడి భరిస్తూ రెండో ఏసీ కొంటారు. మనం పర్యావరణం అని పిలిచే విషయాల్లో చాలా పెద్దవి ఇలా మీటింగుల దగ్గర ఆగిపోయినవే.

నీళ్ళ సంగతీ అంతే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు ఉస్మాన్ సాగర్ (అదే గండిపేట), హిమాయత్ సాగర్ చెరువులు కట్టారు. గండిపేట నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికి వాటంతట అవే వచ్చేవి, మోటారు అక్కర్లేదు. ఇప్పుడు నగరం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం కృష్ణా మీది నాగార్జున సాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి మీది ఎల్లంపల్లి నుంచి ఇంకా దూరం, దశలవారీగా పంపులతో ఎత్తుకుంటూ వస్తోంది. నాగార్జున సాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల పైన, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ ఐదు వందల మీటర్ల పైన ఉంది. వెయ్యి లీటర్లను 350 మీటర్లు ఎత్తడానికి, దారిలో ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. ఆ పైన మన సంపులోంచి ట్యాంకుకు ఎక్కించే ఖర్చు. ట్యాంకు నిండి పొంగుతుంటే కిందికి పోయేది నీళ్ళొక్కటే కాదు, కరెంటు కూడా.

ఇంట్లో తాగే నీళ్ళను శుద్ధి చేసే ఆర్వో మెషిన్ కథ మీకు తెలుసు. ఒక లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు మోరీలోకి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న నల్గొండ లాంటి చోట్ల అది అవసరం. కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చే ఇంట్లో అవసరమా కాదా అన్నది టీడీఎస్ పరీక్ష, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే పరీక్ష, చేయించి చూడాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్వో అక్కర్లేదు, మామూలు ఫిల్టరూ, సూక్ష్మక్రిములను చంపే యూవీ దీపమూ చాలు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ గీసిన గీత కూడా ఈ 500 దగ్గరే. ఈ చిన్న పరీక్ష చేయించిన ఇల్లు ఎన్ని ఉంటాయి?

ఇక చెత్త. మన ఇళ్ళలోంచి వెళ్ళేదాంట్లో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి. అది గాలి తగలకుండా గుట్ట కింద కుళ్ళితే మీథేన్ వస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. హైదరాబాద్ చెత్త ఏళ్ళ తరబడి చేరుతున్న జవహర్‌నగర్‌లో ఆ వాసన పీల్చేది, ఆ గుట్టలోంచి కారిన నల్లటి నీళ్ళతో పాడైన బోర్లు చూసేది అక్కడి జనం. మనం కాదు. తడి చెత్తను విడిగా ఇస్తే, లేదా అపార్ట్‌మెంట్‌లోనే ఎరువు చేస్తే, ఆ గుట్టకు చేరే బరువు సగం తగ్గుతుంది. పొడి చెత్తకూ విలువ వస్తుంది, ఎందుకంటే సాంబారు అంటిన అట్టపెట్టెను ఎవరూ కొనరు. 2016 నుంచి వేరు చేసి ఇవ్వడం చట్టప్రకారం మన బాధ్యత. చెత్త ఆటో దగ్గర నిలబడి రెండు చేతులతో అన్నీ ఏరే మనిషి మనవల్లే ఏరుతున్నాడు.

ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పర్యావరణహితమైన ఇల్లు అంటే పని పెరిగిన ఇల్లు. తడి, పొడి వేరు చేయాలి. కంపోస్టు డబ్బా కలియబెట్టాలి, పురుగు పడితే కొబ్బరి పీచు లాంటి పొడిది వేసి సరిచేయాలి. పాల ప్యాకెట్ కడిగి ఆరబెట్టాలి. డిస్పోజబుల్ వద్దంటే గుడ్డలు ఉతకాలి, స్టీలు గ్లాసులు తోమాలి. ఇవన్నీ ఎవరు చేస్తున్నారు? ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే 2024 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్ళనే తీసుకుని చూసినా, ఆడవాళ్ళు దానిమీద రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. ఆ 289 మీద ఇంకో నలభై నిమిషాలు మోపి "మాది గ్రీన్ హోమ్" అనుకుంటే అది నాకు సమ్మతం కాదు. మా అమ్మమ్మల కాలంలో ఏదీ వృథా అయ్యేది కాదని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, కాకపోతే బూడిదతో, చింతపండుతో గిన్నెలు తోమిన చేతులు ఎవరివో కూడా చెప్పాలి. ఆ జీవితంలోని మంచి మనకు కావాలంటే ఆ పని ఇంట్లో అందరికీ పంచాలి. కంపోస్టు డబ్బా బాధ్యత మగవాళ్ళు తీసుకోండి. ఈ హాల్లో ఉన్న మగవాళ్ళకు నేను నేరుగా చెబుతున్న మాట ఇది. పనిమనిషి చేత ఈ పనులు చేయిస్తే జీతం పెంచండి.

ప్రయాణాల గురించి తక్కువే చెబుతాను, లెక్క సులువు కాబట్టి. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. కారులో ఒక్కరే ఆఫీసుకు రోజూ ముప్పై కిలోమీటర్లు తిరిగితే సుమారు నాలుగున్నర కిలోలు. బస్సూ మెట్రో ఉన్నచోట ఎక్కాలి. ఎక్కనివ్వనిది చాలాసార్లు ఇంటినుంచి స్టాపు దాకా ఫుట్‌పాత్ లేకపోవడం. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. బస్సులు పెంచమని అడిగే గొంతుల్లో కార్లున్నవాళ్ళ గొంతు కూడా కలవాలి.

విమానం మాట ఎత్తితే మన ఇళ్ళలో నొప్పిగా ఉంటుంది. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. హైదరాబాద్ నుంచి అమెరికాకు ఒక్కరు వెళ్ళి వస్తే రెండు టన్నులకు పైనే. సగటు భారతీయుడి ఏడాది లెక్క ఒక్క ప్రయాణంలో అయిపోయింది. మనవడిని చూడటానికి వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పను. వెళ్ళినప్పుడు ఎక్కువ రోజులు ఉండండి, ఏటా రెండుసార్లు తిరిగే బదులు రెండేళ్ళకోసారి వెళ్ళి నాలుగు నెలలు ఉండి రండి. ఒక రిసెప్షన్ కోసం వెళ్ళి నాలుగు రోజుల్లో తిరిగివచ్చే ప్రయాణాలు మాత్రం మానుకోవచ్చని నా అభిప్రాయం.

నేను చెప్పినవేవీ అవసరం లేని మనుషులు మన చుట్టూనే ఉన్నారు. బస్సులో వెళ్ళేవాళ్ళు, ఒక ఫ్యానుతో బతికేవాళ్ళు, చెప్పు తెగితే కుట్టించుకునేవాళ్ళు. వాళ్ళకు ప్లాస్టిక్ గురించి క్లాసు పీకడం మానేద్దాం. వడదెబ్బ మొదట తగిలేది వాళ్ళకే. తెల్లటి పూత మొదట పడాల్సింది రేకుల ఇళ్ళ మీద.

చివరిగా ఒక పని ఇచ్చి వెళ్తాను. మీ అపార్ట్‌మెంట్ సంఘం జనరల్ బాడీ మీటింగ్‌లో మేడ మీద సోలార్ విషయం పెట్టండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్ల ఉమ్మడి మీటరు కోసం సంఘాలకు పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పది కిలోవాట్లు పెడితే నెలకు దాదాపు పన్నెండు వందల యూనిట్లు. ఉమ్మడి మీటరు బిల్లులు ఒక ఏడాదివి తీసుకెళ్ళండి, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తీసుకెళ్ళండి, సోలార్ పలకలు పెట్టాక మిగిలే మేడకు తెల్ల పూత ఖర్చు కూడా అదే కాగితంలో రాయండి. మొదటి మీటింగ్‌లో ఒప్పుకోరు. రెండోదానికి ఐదో అంతస్తువాళ్ళను ముందే కలిసి వెళ్ళండి.